ఒంటరివారికి గది ఇవ్వబడదు

ఆరు వారాలు మా ఆయనకు ఈ సత్రంలో గది ఎలా ఇచ్చారు?

కౌంటరు పైన గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంది, ఒంటరివారికి గది ఇవ్వబడదు అని. అక్షరాల అంచులు పెచ్చులూడాయి, కింద పాత సున్నం కనిపిస్తోంది, అంటే నిన్నో మొన్నో పెట్టిన రూలు కాదు. మా ఆయన పెద్దిరాజు మొదటి శుక్రవారం సామర్లకోటలో రైలెక్కి, సాయంత్రానికి రాజమండ్రి నుంచి ఫోను చేసి, గది దొరికింది మాణిక్యం, కోటిపల్లి బస్టాండు దగ్గర సత్రం, చవక, స్నానం చేసి కాసేపు నడుం వాల్చి చీకటి పడగానే వాడపల్లి నడక మొదలెడతాను అన్నాడు. రెండో శుక్రవారమూ అదే సత్రం. మూడో శుక్రవారం కూడా అదే. నేను లైటు వెలుగుతోందా, ఫ్యాను తిరుగుతోందా అని అడిగానే తప్ప ఆ గదిలో రెండో మంచం ఎవరిదని అడగలేదు. చొక్కా కాలరు వాసన చూడకుండా ఉతకని నేను, బండి మీటరు చూడకుండా గుమ్మం దిగనివ్వని నేను, దేవుడి పని కదా అని వదిలేశాను. దేవుడి పేరు చెబితే నేను వదిలేస్తానని ఆయనకు తెలుసు. ఇరవై ఏళ్ళు కాపురం చేసినవాడికి ఆ మాత్రం తెలియదా?

మధ్యాహ్నం రైలు దిగినప్పుడు ఈ ఆలోచనే లేదు. చేతిసంచి, చెప్పులు, దారిలో తినడానికి అటుకులు, అంతే నా లోకం. శ్రావణ శుక్రవారం, పైగా ముహూర్తాలు, ఊరంతా పెళ్ళివారే. స్టేషను ఎదురు లాడ్జీలో అద్దె చెప్పగానే నా కుట్టుమిషను కళ్ళ ముందు గిర్రున తిరిగింది, అన్ని జాకెట్లు కుడితే ఒక్క సాయంత్రానికి మంచం. రెండో లాడ్జీ కుర్చీలోని మనిషి నన్ను పాదాల నుంచి పైకి చూసి, ఒక్కరేనా అండి, తర్వాత ఎవరైనా వస్తారా అన్నాడు. ఆ ‘తర్వాత’ అన్న మాటలో ఏముందో నాకు తెలుసు, చెప్పు తీసి కొట్టలేక బయటికి వచ్చేశాను. ఇంకోచోట గదులన్నీ పెళ్ళికొడుకువారికి ఇచ్చేశారు. చివరికి ఆయన చెప్పిన గుర్తులు పట్టుకుని ఇక్కడికి వచ్చాను, కౌంటరులో కూర్చున్న బుల్లియ్య అనే గుమాస్తా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి వేలితో గోడ చూపించాడు.

"సత్రం రూలండి. మేం పెట్టింది కాదు, కట్టించినోరు పెట్టింది. ఇంకొకరెవరైనా తోడుంటే ఇప్పుడే తాళం ఇచ్చేస్తాను."

"మరి పెద్దిరాజు గారని, ఇంజన్ల మెకానిక్, ప్రతి శుక్రవారం ఇక్కడే దిగేవారంట కదా. ఆయనకెలా ఇచ్చారండి?"

"రాజు గారా? ఆయ్, మనకి బాగా తెలుసు. ఆయనెప్పుడూ ఒంటరిగా దిగలేదండి. వారింటి ఆడమనిషి ఉండేవారు కదా కూడా. తమరేమవుతారు ఆయనకి?"

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "మా ఊరాయన."

"అలాగా. ఆవిడ ఈ వారం కూడా వస్తారండి, వచ్చే వేళే ఇది" అని, వెనకాల సూటుకేసులతో దిగిన కుటుంబం వైపు తిరిగిపోయాడు. ఏ వయసు, ఏ ఊరు, ఏ పేరు, అడగాల్సినవన్నీ నాలుక చివర ఉన్నాయి. అడిగితే నా గొంతు వణుకుతుంది. వణికితే వాడికి తెలిసిపోతుంది, ఈ ఆడది ఎవరో, ఎందుకొచ్చిందో. గుమాస్తా ముందు పరువు పోగొట్టుకోవడం కన్నా గుమ్మం ఎదురుగా బల్ల మీద కూర్చుని ఆవిడను కళ్ళారా చూడటమే మేలు. కూర్చున్నాను. చీకటి పడటానికి గంట ఉంది.

గంట. ఈ గంటలో నా ఏడో శనివారం తేలిపోవాలి. నాది కాదు, ఆయనది. ఏడు శనివారాలు వాడపల్లి వెంకన్న చుట్టూ తిరుగుతానని మొక్కుకున్నాడు, రాజమండ్రి నుంచి నడిచి వెళ్ళి. ఆరు అయ్యాయి. మొన్న ఎవరిదో బోరులోంచి మోటారు లాగుతూ బురదలో జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. కాలికి కట్టు, మంచం మీద మనిషి, మధ్యలో వారం తప్పితే మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలి. ఇంటి మనిషి నడిచినా చెల్లుతుందన్నారు పెద్దలు. నువ్వెళ్ళు మాణిక్యం అన్నాడు, అడిగిన తీరు చూస్తే నీళ్ళు అడిగినట్టు లేదు, ప్రాణం అడిగినట్టుంది. దేనికి మొక్కారు అంటే చెప్పడు. మొక్కు బయటపెడితే ఫలించదు అంటాడు. పొలమా, ఆరోగ్యమా, అప్పా, ఏదీ కాదంటాడు. సరే అని వచ్చాను. కుట్టాల్సిన జాకెట్లు గుట్టగా వదిలేసి, తిట్టే కస్టమర్లను తిట్టనిచ్చి, దేనికోసమో తెలియని మొక్కు కాళ్ళకు కట్టుకుని వచ్చాను. ఇప్పుడు ఆ తెలియనిది చీర కట్టుకుని ఈ గుమ్మంలోంచి నడిచి వస్తుందట. ఆవిడ కోసమే మొక్కితే? ఆవిడ తనదవ్వాలని మొక్కితే? ఆ ఏడో వారం నా కాళ్ళతో నడిపిస్తున్నాడా? అలాగైతే నడవను. వెనక్కి పోయే రైలుంది. ఆరు వారాలూ గోదాట్లో కలిసిపోనీ, మళ్ళీ మొదటి నుంచి ఆవిడతోనే నడుచుకోమను. నేను మాత్రం ఆ ఇంటి గుమ్మం మళ్ళీ తొక్కను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఏళ్ళ తరబడి లోపల మడతపెట్టి ఉంచుకున్న చీరలాగా, మడత కూడా చెదరలేదు. మా అమ్మ అంటుండేది, నేను అనుమానపడలేదు కనుకనే మోసపోయానే అని. మా నాన్న పంచదార ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, చెరుకు సీజనులో రాత్రి డ్యూటీలని చెప్పేవాడు, సీజను అయిపోయాక కూడా రాత్రి డ్యూటీలు అయిపోలేదు. కాకినాడలో ఒక ఇల్లు, ఆ ఇంట్లో నా ఈడు పిల్ల. ఆ పిల్లకు నాకన్నా మంచి గౌను ఉందని ఎవరో చెప్పారు. నాకు నాన్న మీద కన్నా ఆ గౌను మీదే ఎక్కువ కోపం వచ్చింది. కుట్టుపని అందుకే నేర్చుకున్నానేమో. ఆడదాన్ని చూస్తే ముందు ఆవిడ జాకెట్టు చూస్తాను. మెడ ఎంత దించారు, చేతికి ఏ అంచు వేశారు, కుట్టు విప్పి మళ్ళీ బిగించారా, ఒంటికి ఈ మధ్య కండ పట్టిందా, తగ్గిందా. పోలీసులకు వేలిముద్రలు, నాకు జాకెట్లు.

గుమ్మంలో మొదటి ఆడది. నెమలిపింఛం రంగు పట్టు, జడ నిండా సన్నజాజులు, వీపు మీద ముడి వేసే తాడు, తాడు చివర పూసలు. పూసలు ఎవరికి కనబడాలని పెట్టించుకున్నావమ్మా? తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్ళింది, బుల్లియ్య ఏమీ అడగకుండా తాళం చేతిలో పెట్టాడు. నా చెవుల్లో గోదావరి బ్రిడ్జి మీద రైలు పోతున్నంత మోత. ఈవిడే. ఈ నడుము చూసే. మా ఆయనకు ఆకుపచ్చా నీలం కలిసిన రంగంటే ఇష్టం, పెళ్ళిచూపుల్లో నేను కట్టుకున్నదీ ఆ రంగే, ఆ తర్వాత ఎప్పుడూ ఆ రంగు కొనలేదెందుకూ? లేచాను. నా కాళ్ళు నాకన్నా ముందు నడిచాయి. మెట్ల దగ్గర అందుకుని, ఏమండీ, మీరు ప్రతి శుక్రవారం వస్తారా అన్నాను. ఆవిడ నా మొహం చూసి జడుసుకుంది. "లేదండి, మా ఆడపడుచు పెళ్ళికొచ్చాం" అంది. వెనకాలే రెండు సంచులు, ఒక పిల్ల, ఒక పాలసీసా మోస్తూ మొగుడు రొప్పుతూ వచ్చాడు. తిరిగొచ్చి కూర్చున్నాను. బుల్లియ్య కళ్ళజోడు పైనుంచి చూశాడు, నేను గోడ మీద గడియారం వైపు చూశాను.

తర్వాత వచ్చినవాళ్ళలో ఒకామెను పొడుగని వదిలేశాను, ఆయనకు పొడుగు ఆడవాళ్ళంటే బెరుకు. ఒకామెను తాళిబొట్టు కొత్తగా ఉందని అనుమానించి, పక్కనే కొత్త పెళ్ళికొడుకును చూసి విడిచిపెట్టాను. మూడో ఆమె నర్సు, యూనిఫారం మీదే వచ్చింది, ఎవరికో అన్నం క్యారేజీ ఇచ్చి పోయింది. ఎవరూ కాదు. కానివాళ్ళు పెరిగేకొద్దీ అసలావిడ అందం నా తలలో పెరుగుతోంది. ఇప్పుడావిడకు నాకు లేనివన్నీ ఉన్నాయి. మెడ కింద మడతలు లేవు. వేళ్ళకు సూది పోట్లు లేవు. నడిచేటప్పుడు ఆయనతో మాట్లాడుతుంది, ఆయన నవ్వుతాడు, బొబ్బర్లంక దాటాక కాలవ గట్టు మీద చల్లగాలి, ఇద్దరి అడుగులూ ఒకటే చప్పుడు. మేమిద్దరం కలిసి ఎప్పుడు నడిచాం? పెళ్ళిలో ఏడడుగులు. ఆ తర్వాత ఆయన బండి మీద, నేను వెనక.

ఒకసారి ద్రాక్షారామం వెళ్ళాను, ఆయనకు చెప్పకుండా. ఒకే ఇంటికి వారంలో మూడుసార్లు వెళ్ళాడని. బస్సు దిగి, గుడి దారి వదిలేసి, ఆ వీధి వెతుక్కుని, ఆ ఇంటి ఎదురుగా నిలబడ్డాను. ఇంటావిడ బయటికి వచ్చి, ఎవరమ్మా, ఎండలో నిలబడ్డావేం అని లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. పెరట్లో ఇంజను విప్పి గోనెపట్టా మీద పరిచి ఉంది, ప్రతి నట్టుకూ నూనె రాసి. అప్పుడు కూడా నేను ఇంజను చూసి ఊరుకోలేదు, ఆవిడ మెట్టెలు అరిగాయో లేదో చూశాను. రాత్రి ఆయన అన్నం తిని చేయి కడుక్కుంటూ ఒక్క మాటే అన్నాడు, మజ్జిగ పుల్లగా ఉందా అని. అరిచి ఉంటే బాగుండేది. నేను కూడా అరిచేదాన్ని, అయిపోయేది. ఆ మాట మాత్రం ఇంకా పుల్లగానే ఉంది గొంతులో. నిజంగా తప్పు చేసినవాడు అరుస్తాడు కదా అనుకుని ఆ రాత్రి నిద్రపోయాను. తప్పు చేయడంలో ఆరితేరినవాడు అరవడు అని తెల్లారేసరికి అనుకున్నాను.

"కొంచెం జరుగమ్మా, మోకాళ్ళు వంగట్లేదు."

పక్కన ఎవరో ముసలావిడ బల్ల మీద కూలబడింది. చేతిలో గుడ్డసంచి, నుదుట పెద్ద బొట్టు చెరిగిన మచ్చ, జాకెట్టు ఎప్పటిదో, చంకలో వేరే గుడ్డ అతుకు. జరిగాను, గుమ్మం మీంచి చూపు తిప్పకుండా.

"వాడపల్లికేనా?" అంది.

"ఊఁ."

"ఎన్నో వారం?"

"ఏడు."

"నాదీ ఏడే. పేరు మరిడమ్మ, పెద్దాపురం. ఒంటరిగా వచ్చావా? గదివ్వరమ్మా ఇక్కడ. మొదటి వారం నన్నూ పొమ్మన్నాడు ఆ కళ్ళజోడోడు. అదిగో ఆ మెట్టు మీద కూకుని ఏడుత్తన్నాను. ఇంతలో ఓ పిల్లాడొచ్చాడు, ఆడికీ ఇవ్వలేదు. ఆడు నన్ను చూశాడు, నేను ఆణ్ని చూశాను. తిన్నగా ఎల్లి, ఈవిడ మా అమ్మండి, కోపమొచ్చి ముందొచ్చేసింది అనేశాడు! ఎంత చక్కగా అబద్ధమాడాడనుకున్నావ్, నాకే నిజమేమో అనిపించింది. అంతే, అప్పట్నించి ఆరు వారాలూ తల్లీకొడుకులమే. ఈ వారం ఇంకా రాలేదు మా రాజు."

ఈవిడా? నేను గంట నుంచి నెమలిపింఛం పట్టు కట్టించి, సన్నజాజులు తురిమి, మెడ కింద మడతలు తీసేసి నిలబెట్టుకున్న ఆడది, పళ్ళన్నీ ఊడిన ఈ ముసలావిడా? నవ్వు రావాలి. రాలేదు. ఊపిరి తేలికపడాలి, అదీ పడలేదు. ముసలావిడ చెబుతూనే ఉంది. ధవళేశ్వరం దాటేసరికి తన కాళ్ళు పట్టేస్తే గట్టు మీద కూర్చోబెట్టి కొబ్బరినూనె రాశాడట. ఆత్రేయపురంలో బెల్లం పూతరేకు కొని చేతిలో పెట్టాడట, పళ్ళు లేవు కదమ్మా, ఇదైతే కరుగుద్ది అన్నాడట. పూతరేకు! ఆరు వారాలు ఆత్రేయపురం మీదుగా పోయి వచ్చిన మనిషి నాకు ఒక్క రేకు తేలేదు. అడిగితే దేవుడి దారిలో కొనుక్కోకూడదన్నాడు. నా మడమలు పగిలి నెత్తురు కారినా, మందు రాసుకో అని మంచం మీంచి చెప్పేవాడు ఈవిడ కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాడా? పడుచుదైతే జుట్టు పట్టుకునేదాన్ని. ఈ తెల్ల జుట్టును ఏం చేయను? ఆ ముడుతల చేతుల మీద, ఆ బోసి నవ్వు మీద, మా రాజు అన్న ఆ మాట మీద కక్ష పుట్టుకొస్తోంది. మా రాజట. ఎవరి రాజు?

"అంత మంచోడికి పెళ్ళామున్నట్టు లేదు" అన్నాను. నా గొంతు నాకే కత్తిలా వినిపించింది.

"ఎందుకు లేదు, ఉంది. అదే కదమ్మా ఆడి బాధ." మరిడమ్మ గొంతు తగ్గించి నా వైపు ఒరిగింది. "మొక్కు ఎవరికీ చెప్పకూడదు, ఆడూ నాకు చెప్పలేదు. కానీ గుడి చుట్టూ తిరిగేటప్పుడు పైకే గొణుక్కుంటాడు. ఎనకాల నడిచేదాన్ని నేనే కదా, ఇనపడదా? సామీ, మా ఆవిడ మంచిది, ఆ అనుమానం ఒక్కటే తీసెయ్యి సామీ, అది పడే బాధ నేను చూళ్ళేకపోతన్నాను అంటాడు. ప్రతి చుట్టుకీ అదే. నీకేం కావాలో అడుక్కోరా ఎర్రోడా అందామనుకున్నాను, ఇన్నట్టు తెలిసిపోద్దని నోరు మూసుకున్నాను."

అది పడే బాధ. తను పడే బాధ అనలేదు. ఇరవై ఏళ్ళుగా నేను కాపలా కాస్తున్నాననుకున్నాను, ఆయన నన్ను జబ్బు మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. కోపం రావాలా, ఏడుపు రావాలా? మా అమ్మ నాకిచ్చిన ఒక్క ఆస్తి అది. కాకినాడ పిల్ల గౌనుకు నేను కుట్టుకున్న జవాబు. దాన్ని తీసెయ్యమని దేవుణ్ని అడుగుతాడా, నన్నడగకుండా? పైగా ఆ తీసే కూలి నాతోనే చేయిస్తాడా? నడవాలంటే నేనే నడవాలి, పోగొట్టుకోవాలంటే నాదే పోవాలి. రైలుకింకా వేళుంది. లేచి నాలుగడుగులు వేస్తే ఆటో, ఆటో ఎక్కితే స్టేషను. ఆయన ఏడో వారం ఆ క్షణంలోనే చచ్చిపోతుంది, నా అనుమానం నాకు మిగులుతుంది. అది మిగిలి నేనేం చేసుకుంటాను? ఈ గంటసేపు చేసిందే చేస్తాను. ఇంకో బల్ల మీద, ఇంకో గుమ్మం ఎదురుగా, రాని ఆడదానికి నగలు పెడుతూ.

"మరిడమ్మ గారూ, మీ అబ్బాయి రాలేదా?" బుల్లియ్య కేకేశాడు. "ఆయన లేకుండా ఇవ్వడం కుదరదండి, మళ్ళీ ఏమీ అనుకోవద్దు."

మరిడమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది, ముసలిదానిలా లేదు. "ఆడు రాకపోతే ఏం, కోడల్ని పంపాడు. ఇదిగో, ఈ పిల్లే" అని, నా చెవిలో, "ఊఁ అనవే తల్లీ, నీకూ గది కావాలి కదా" అంది.

"ఊఁ" అన్నాను. ఆవిడ నాతో అబద్ధమాడించాననుకుంది, నేను చెప్పింది మాత్రం నిజం. బుల్లియ్య నన్నూ ఆవిడనూ మార్చి మార్చి చూసి, మా ఊరాయన అన్నారే ఇందాక అని సణిగి, తాళం తోశాడు.

గది చిన్నది, మంచాలు రెండు. ఆయన పడుకున్నది ఏ మంచమో అడగలేదు. చన్నీళ్ళు పోసుకుని తల తుడుచుకుంటూంటే ఫోను మోగింది. ఆయనే. స్పీకరు నొక్కి మంచం మీద పెట్టి జడ అల్లుకుంటున్నాను.

"గది దొరికిందా మాణిక్యం?"

"దొరికిందండి. మీ సత్రమే."

"ఒంటరివాళ్ళకి ఇవ్వరే అక్కడ. నీకెలా ఇచ్చారు?" అని, వెంటనే, "ఎవరితో దిగావు?"

ఆ చివరి మాటలో ఒక చిన్న ముల్లుంది. నాకు తెలియదా ఆ ముల్లు? పుట్టినప్పటి నుంచి నా గొంతులో ఉన్నదే కదా. మంచం మీద కట్టుకాలితో పడుకుని, కళ్ళు పైకప్పుకు అతికించి, ఒక్కసారి, ఒక్క నిమిషం ఆయన నేనయ్యాడు. చెప్పేయొచ్చు. చెప్పకుండా ఆ రుచి ఇంకాసేపు చప్పరించాను.

"మీ అమ్మతో" అన్నాను.

మరిడమ్మ చేతిలోని పసుపు డబ్బా కింద పడింది. ఫోనులో ఆ గొంతు గుర్తుపట్టింది, నన్ను గుర్తుపట్టింది, ఇందాక తాను చెప్పిందంతా గుర్తు తెచ్చుకుంది, అన్నీ ఒకదాని వెంట ఒకటి ఆ మొహంలో నడిచాయి. "ఒరే రాజూ!" అంది, ఫోను మీదికి వంగి. "నీ పెళ్ళానికి అంతా చెప్పేశానురా! నోరుజారి కాదు, మనిషి తెలీక!" అవతల ఆయన దగ్గడమో నవ్వడమో, పక్క మీంచి లేవబోయి కాలు తగిలి అబ్బా అనడమో. మాణిక్యం అన్నాడు. కాలు కదపకండి అని మాత్రం చెప్పి పెట్టేశాను.

చీకటి పడుతుండగా బయల్దేరాం. గోవింద నామాలు పాడుకుంటూ ముందొక గుంపు, వెనకొక గుంపు, మధ్యలో మేమిద్దరం. పక్కన గోదావరి వరద నీళ్ళతో ఎర్రగా, బరువుగా పోతోంది. మరిడమ్మ సంచి నా భుజానికి మార్చుకున్నాను, అడక్కుండానే. ఆవిడ నాకు కోపమొచ్చిందనుకుంటోంది. రాలేదని చెప్పను. వచ్చిందనీ చెప్పను. అడుగు పడుతోంది, అంతే. నడవాలనే నిర్ణయం ఎప్పుడు తీసుకున్నానో నాకే తెలియదు, కాళ్ళకు తెలుసు. ఎదర వెళ్తున్న గుంపులో ఎవరో పడుచు పిల్ల చకచకా నడుస్తోంది, పసుపు చీర, జాకెట్టు చేతులకు అద్దాల పని, పక్కవాళ్ళతో ఏదో చెప్పి నవ్వుతోంది. అందరినీ పేరు పెట్టి పలకరిస్తోంది, వారం వారం వచ్చేదాన్లా ఉంది.

బ్యారేజీ దీపాలు కనిపించేదాకా ఓర్చుకున్నాను.

"అత్తయ్యా" అన్నాను. "ఆ పిల్ల, ఆ పసుపు చీర. ఆయన ఎప్పుడైనా ఆ పిల్లతో మాట్లాడాడా?"

మరిడమ్మ ఆగి నా మొహంలోకి చూసింది. దీపం వెలుగులో ఆ బోసి నోరు విచ్చుకుంది.

"నడువమ్మా, నడువు" అంది. "ఏడో వారం ఇంకా అవ్వలేదు కదా."